గరం సూది ఇచ్చిన రోజు

ఉద్యోగ జ్ఞాపకాలు రాసేవాళ్లు సాధారణంగా పింఛను తీసుకుంటూ ఉంటారు. నాకింకా ముప్పై నిండలేదు. అయినా నేను రాయబోయే ఉద్యోగం ముగిసి ఏడేళ్లయింది, మళ్లీ అందులోకి వెళ్లే ఉద్దేశం లేదు. ఇప్పుడు నిజామాబాదులో, నర్సు పని నేర్చుకోవడానికి ఊళ్ల నుంచి వచ్చే ఆడపిల్లలకు పాఠాలు చెబుతున్నాను. రోగి మంచం పక్కన ట్రే పట్టుకుని నిలబడటం మానేశాను. ఎందుకు మానేశారని ప్రతి జట్టులోనూ ఎవరో ఒక పిల్ల అడుగుతుంది. ఆరోగ్యం బాగాలేక అంటాను. అది అబద్ధం. ఆ పిల్లల కోసమే ఇది రాస్తున్నాను. నోటితో చెప్పగలిగే మనిషినైతే ఇది రాయాల్సిన పనే ఉండేది కాదు.

మాది చందూరు. వరి, కొంచెం పసుపు. బాపు ఉర్దూలో చదువుకున్నాడు, నేను తెలుగులో. శిక్షణ కోసం నిజామాబాదు వచ్చాక ఆయన ఉర్దూలో ఉత్తరం రాసేవాడు, నేను తెలుగులో జవాబు రాసేదాన్ని. నా ఉత్తరం ఆయన బడి పంతులు చేత చదివించుకునేవాడు. ఆయన ఉత్తరం నేను హాస్టలు వాచ్‌మన్ చేత చదివించుకునేదాన్ని. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది.

చిన్నప్పటి నుంచి నాకు మాట తక్కువ. శిక్షణలో పెద్ద సిస్టర్, "నీ మాట వినాలంటే నీ కొంగులో కూసోవాలె" అనేది. అందరూ నవ్వేవాళ్లు, నేను కూడా నవ్వేదాన్ని, నవ్వు కూడా వినిపించేది కాదు. మాట్లాడాల్సిందంతా డైరీలో రాసుకునేదాన్ని. శిక్షణ అయ్యాక బోధన్ ఊరి చివర, ఎడపల్లి వైపు పోయే దారిలో ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో చేరాను. ఆరు మంచాలు, ఒక డాక్టరు, ఒక కాంపౌండరు, నేను. ఆ దవాఖాన ఇప్పుడు లేదు.

డాక్టర్ గారు మంచివాడే. అయినా ఆయన ముందు నిలబడితే నా నాలుక పిడచకట్టుకుపోయేది. అందుకని చిట్టీలు రాయడం మొదలుపెట్టాను. మూడో మంచం, పొద్దుటి నుంచి రెండుసార్లు వాంతి. ఒకటో మంచం ఆమె నిద్రపోవడం లేదు, నొప్పికి కాదు, భయానికి. ఇలా రాసి ఆయన బల్ల మీద గాజు బరువు కింద పెట్టేదాన్ని. ఆయన చదివి, కాంపౌండరును పిలిచి ఏం చేయాలో నోటితో చెప్పేవాడు. ఆ ఏర్పాటు ఆయనకు నచ్చింది. "మా సిస్టర్ నోరు ఖర్చు పెట్టదు, సిరా ఖర్చు పెడ్తది" అని వచ్చినవాళ్లతో గొప్పగా చెప్పేవాడు. అది మెచ్చుకోలు అనుకున్నాను. ఏడాదిన్నర పాటు ఆ మెచ్చుకోలు మీద బతికాను.

కాంపౌండరు యాభై దాటినవాడు. ముప్పై ఏళ్ల నుంచి అదే పని. ఎండకు ఎండి చేతులు కట్టెల్లా అయిపోయిన చెరుకు కోత కూలీలు వచ్చేవాళ్లు, మహారాష్ట్ర వైపు నుంచి కూడా వచ్చేవాళ్లు. వాళ్లలో ఎవరికీ ఆయన రెండోసారి సూది గుచ్చడం నేను చూడలేదు. వేలితో ఒకసారి తడిమి, కళ్లు మూసుకుని గుచ్చేవాడు, నరం దొరికేది. నన్ను చిట్టీల సిస్టర్ అనేవాడు.

"ఏం చిట్టీల సిస్టరూ, బువ్వ తిన్నవా, లేక గది సుత రాసిస్తవా?"

నేను తల ఊపేదాన్ని.

"తల ఊపినవా? అల్లా, ఇయ్యాల మస్తు మాట్లాడింది పిల్ల!"

తన డబ్బాలో జొన్నరొట్టె మీద వేసుకొచ్చిన పుంటికూర సగం నా పళ్లెంలో పెట్టేవాడు. ఆ దవాఖానలో నన్ను నవ్వించిన మనిషి ఆయనొక్కడే.

ఇప్పుడు గరం సూది గురించి చెప్పాలి. మీలో చాలామంది ఇళ్లలో ఎవరో ఒకరు వేయించుకునే ఉంటారు. అది కాల్షియం. పెద్ద గాజు సీసా, పది సీసీలు, నేరుగా నరంలోకి ఇవ్వాలి. ఇస్తుంటే ఒళ్లంతా వేడి పాకుతుంది. ముందు గొంతులో, తర్వాత కడుపులో, చివరికి అరికాళ్లలో. మా వైపు ఆ వేడే మందు అని నమ్మకం. వేడి వస్తే తాకతు, అంటే బలం, వచ్చినట్టు. నిజానికి దాన్ని చాలా నెమ్మదిగా, గడియారం చూసుకుంటూ ఇవ్వాలి. నెమ్మదిగా ఇస్తే వేడి సరిగ్గా తెలియదు. తెలియకపోతే, "నీళ్లు ఎక్కించి పంపిండు" అని బయటికి పోయి చెప్పేవాళ్లు. అలా ఒకటి రెండుసార్లు మాట పడ్డాక కాంపౌండరు చెయ్యి తొందరపడటం నేర్చుకుంది. "గొంతులకొచ్చిందా? ఆఁ, ఇగ కడుపులకు. వచ్చిందా? నడువు, అరికాళ్లకు పోదాం" అంటూ, రోగిని వెంటబెట్టుకుని ఊరికి తీసుకుపోతున్నట్టు మాట్లాడుతూ ఇచ్చేవాడు. చెరుకు ఆడే రోజుల్లో దినానికి ఆరేడుగురు వచ్చేవాళ్లు. ఎవరికీ ఏమీ కాలేదు. అందరూ లేచి, చెంబెడు నీళ్లు తాగి, బండ్ల దగ్గరికి వెళ్లిపోయేవాళ్లు.

నా దగ్గర ఒక పుస్తకం ఉండేది. నిజామాబాదులో పాత పుస్తకాల బండి మీద దొరికిన ఇంగ్లీషు మందుల పుస్తకం, అట్ట లేదు. మధ్యాహ్నం సిరంజీలు నీళ్లలో మరుగుతుంటే దాన్ని చదివేదాన్ని. ఎవరైనా వస్తే తువ్వాలు కింద దాచేదాన్ని. నర్సుకు ఇంత లావు పుస్తకం ఎందుకని ఎవరైనా అంటారని సిగ్గు. అందులో డిజిటాలిస్ అనే గుండె మందు పాఠం చివర ఒక హెచ్చరిక ఉంది. ఆ మందు మింగుతున్న రోగికి కాల్షియం నరంలోకి ఇవ్వడం ప్రమాదమని, గుండె ఆగిపోవచ్చని దాని అర్థం. ఎందుకో అందులో లేదు. పెన్సిలుతో గీత గీసుకున్నాను. డైరీలోకి కూడా ఎక్కించుకున్నాను.

ఆ రోజు పొద్దున ఎడపల్లి నుంచి ఒక రైతు, ఆయన భార్య వచ్చారు. చక్కెర ఫ్యాక్టరీ గొట్టం నుంచి నల్లటి మసి రేకులు ఎగిరొచ్చి, నేను ఆరేసిన కట్టుగుడ్డల మీద వాలుతున్నాయి. వాటిని చేత్తో దులపకూడదు, దులిపితే మరక అంటుకుంటుంది, నోటితో ఊదాలి. ఊదుతూ ఉండగానే వాళ్లు బండి దిగి రావడం చూశాను. ఆయనకు యాభై కూడా ఉండవు. నాలుగు అడుగులకోసారి ఏదో గుర్తొచ్చినట్టు ఆగుతున్నాడు. ఆయాసం కనిపించకుండా ఆగడం అది.

"ఏం పటేలా, ఎట్లున్నవు?" అన్నాడు డాక్టరు.

"తాకతు లేదు సాబ్. ఎల్లుండి కోతకు ఫ్యాక్టరీ పర్మిట్ వచ్చింది. గా దినం కొట్టి బండ్లెక్కియ్యకపోతే మల్ల నా పాలికి ఎప్పుడొస్తదో. పొలంల నిలవడ్డ చెరుకు కట్టెలైతది. జర గరం సూది ఎయ్యిండ్రి, మూడు దినాలు నిలవడితే సాలు."

అప్పటికే వర్ని వైపు ఊరి నుంచి ఒక మనిషి వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. కాన్పు కష్టమైంది, వెంటనే రమ్మని. డాక్టర్ గారు రైతు గుండె మీద గొట్టం పెట్టాడు కానీ చూపు వాకిలి వైపే ఉంది. గరం సూదులు మూడు, రోజు విడిచి రోజు, మొదటిది ఇవాళే అని కాంపౌండరుకు చెప్పి, మోటారు సైకిలు ఎక్కి వెళ్లిపోయాడు. నేనైనా ఆయన స్థానంలో అలాగే వెళ్లేదాన్ని. అక్కడ రెండు ప్రాణాలు, ఇక్కడ నడిచి వచ్చిన మనిషి.

రైతును లోపల మంచం మీద పడుకోబెట్టి నేను వసారాలోకి వచ్చాను. ఆయన భార్య నా వెనకే వచ్చింది. కొంగు ముడి విప్పి చిన్న సీసా తీసింది.

"బిడ్డా, నువ్వు సదువుకున్నదానివి. గిది రోజు పొద్దుగాల ఒక్కటి మింగుతున్నడు. నిజామాబాదుల కంఠేశ్వర్ కాడ పెద్ద డాక్టరు ఇచ్చిండు. కాళ్ల వాపంత గుంజింది. గీ గోళీకి గా సూదికి పడ్తదా?"

సీసా మీద పేరు చదివాను. నేను పెన్సిలు గీత గీసుకున్న పేరే.

"మీ డాక్టర్ సాబ్‌కు మాత్రం చెప్పకు తల్లీ" అంది గొంతు తగ్గించి. "ఎన్నేండ్లసంది మమ్ములను సూస్తున్నడు. ఇంకో కాడికి పోయిన్రని తెలిస్తే మనసు కష్టం చేస్కుంటడు. మా ఇంటాయన గూడ చెప్పొద్దన్నడు."

ఇది మా వైపు మర్యాద. ఒక డాక్టరు దగ్గరికి వెళ్తున్నవాళ్లు ఇంకొక డాక్టరు దగ్గరికి వెళ్లిన సంగతి చెప్పరు. చెబితే మొదటివాణ్ణి అవమానించినట్టు. గోళీలు కొంగులో, పంచె మడతలో దాచుకుని వస్తారు. ఆమె నాకు చూపించడమే ఎక్కువ.

"అడుగుతాను, ఆగండి" అన్నాను. ఆమెకు వినపడలేదు. ఏమన్నవు బిడ్డా అంది. మళ్లీ చెప్పాను.

వాకిట్లో మోటారు సైకిలు లేదు, దుమ్ము మాత్రమే ఉంది. బల్ల దగ్గరికి వెళ్లి చిట్టీ రాశాను. "ఈయన గుండెకు డిజిటాలిస్ గోళీలు మింగుతున్నారు. డాక్టర్ గారు వచ్చే వరకు కాల్షియం ఇవ్వకండి." అక్షరాలు గుండ్రంగా, స్పష్టంగా రాశాను. చిట్టీ కాంపౌండరుకు నేరుగా ఇవ్వడం అదే మొదటిసారి. ఎప్పుడూ డాక్టర్ గారి బల్లకే వెళ్లేవి.

ఆయన కిటికీ దగ్గర నిలబడి కాల్షియం సీసా మెడను చిన్న ఆకురాయితో గీస్తున్నాడు. చిట్టీ అందుకున్నాడు. దూరంగా పట్టుకున్నాడు, దగ్గరికి తెచ్చాడు, చూశాడు.

"మంచిది బిడ్డా" అన్నాడు. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "పటేలు చేతికి రబ్బరు కట్టు."

చదివాడు, అయినా ఇవ్వాలని నిర్ణయించుకున్నాడు అనుకున్నాను. ముప్పై ఏళ్ల చెయ్యి ఆయనది. నాది ఏడాదిన్నర ఉద్యోగం, అట్ట లేని పుస్తకం. బహుశా ఆ పుస్తకంలోది ఎక్కడో చల్లని దేశాల సంగతేమో, ఇక్కడివాళ్లకు ఏమీ కాదేమో అని కూడా అనుకున్నాను. చదివారా అని అడగొచ్చు. ఒక్క మాట. పెద్దమనిషిని, నన్ను బిడ్డా అనే మనిషిని, నీకు చదువు వచ్చా అన్నట్టు ఎలా అడగను? గడప దగ్గర ఆమె నిలబడి ఉంది, చెప్పొద్దని మాట తీసుకున్న ఆమె. ఆమె ముందు గోళీల పేరెత్తి ఆ మాట ఎలా తప్పను? ఇవన్నీ రబ్బరు కట్టేంత సేపట్లో నా తలలో తిరిగినవి. నేను రబ్బరు కట్టాను. రెండో చేతి మణికట్టు పట్టుకుని నాడి చూస్తూ నిలబడ్డాను.

సూది ఒక్కసారికే నరంలోకి వెళ్లింది. ఎర్రటి దారం సిరంజిలోకి వచ్చి, మందులో విచ్చుకుంది.

"ఏం రాలే సాబ్" అన్నాడు రైతు. "నీళ్లా ఏంది?"

"నీళ్లు నీ బాయిల ఉంటయి పటేలా. జర ఓపిక వట్టు."

"మా ఇంటామె సూస్తుంది. వేడొస్తలేదంటే నన్నే అంటది, నీకు రక్తం లేదు పో అని."

గడప దగ్గర ఆమె నవ్వింది. కాంపౌండరు కూడా నవ్వి, బొటనవేలు ఇంకొంచెం నొక్కాడు.

"ఆఁ... వచ్చింది. గొంతులకొచ్చింది" అన్నాడు రైతు.

"ఇగ కడుపులకు పోదామా?"

"వచ్చింది, వచ్చింది."

నా వేళ్ల కింద నాడి మూడుసార్లు గబగబా కొట్టింది. ఆగి, ఒకసారి ఆలస్యంగా కొట్టింది. తర్వాతి దెబ్బ కోసం ఎదురు చూశాను. రైతు ఏదో అడగబోతున్నట్టు కాంపౌండరు వైపు తల తిప్పాడు. ఆ తల అలాగే ఉండిపోయింది.

కాంపౌండరు సూది లాగేశాడు. ఛాతీ మీద రెండు చేతులతో గుద్దాడు. "పటేలా, ఓ పటేలా" అని అరిచాడు. అల్మారాలోని గుండె సూది తెమ్మన్నాడు, తెచ్చాను, ఇచ్చాడు. ఎంతసేపు అలా చేశామో తెలియదు. ఫ్యాక్టరీ సైరను మోగింది, అప్పుడు ఆయన చేతులు తీశాడు.

ఎందుకు ఆగిందో ఆ రోజు నాకు తెలియదు. ఇప్పుడు తెలుసు. మూడేళ్ల కింద మా శిక్షణ కేంద్రానికి కొత్త శరీరశాస్త్రం పుస్తకం వచ్చింది, అందులో ఉంది. తువ్వాలు కింద దాచకుండా, బల్ల మీద పెట్టుకుని చదివాను. మీకు పాఠంలో చెప్పిందే మళ్లీ చెబుతాను. గుండె కండలో సన్నని దారాలు, లావు దారాలు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాన్నొకటి పట్టుకుని లాక్కుంటే కండ ముడుచుకుంటుంది. ఊరికే పట్టుకోకుండా సన్నని దారం మీద కాపలాగా కొన్ని ప్రోటీన్లు ఉంటాయి. పట్టు దొరికే చోటును అవి కప్పి ఉంచుతాయి. వాటిలో ఒకదాని పేరు ట్రోపోనిన్. కాల్షియం వచ్చి దాని మీద కూర్చుంటే అది పక్కకు జరుగుతుంది, పట్టు దొరుకుతుంది, గుండె ముడుచుకుంటుంది. కాల్షియం లేచి వెళ్లిపోతే కాపలా మళ్లీ తన చోటికి వస్తుంది, గుండె విప్పుకుంటుంది, అప్పుడే రక్తం నిండుతుంది. ఇది నిమిషానికి డెబ్బైసార్లు జరగాలి. రావడం ఎంత అవసరమో, వెళ్లిపోవడం అంత అవసరం. డిజిటాలిస్ చేసే పని కణం లోపల కాల్షియం కొంచెం ఎక్కువ నిలిచేట్టు చేయడం. అందుకే బలహీనమైన గుండె గట్టిగా పిండుతుంది, కాళ్ల వాపు తగ్గుతుంది. ఆ రైతు గుండె అప్పటికే ఆ అరువు బలంతో నడుస్తోంది. మేము పైనుంచి, ఒక్కసారిగా, గొంతులో వేడి తెలిసేంత తొందరగా ఇంకా పోశాం. లయ తప్పింది. ముడుచుకున్నది విప్పుకోలేకపోయింది.

అందరికీ అలా కాదని కూడా పుస్తకంలో ఉంది. ఆ గుండె ఆ వారంలో ఎలాగూ ఆగేదేమో కూడా. ఈ రెండు వాక్యాలు నాకు ఎప్పుడో కంఠతా వచ్చాయి. వాటి వల్ల నిద్ర మాత్రం రాదు.

ఆమె గడప దాటి లోపలికి వచ్చింది. ఏడవలేదు ఇంకా. ఆయన పంచె సరిచేసింది. తర్వాత నా వైపు చూసింది.

"అడుగుతనంటివి గదా బిడ్డా. అడిగినవా?"

నేను తల ఊపాను.

అడిగానని తల ఊపాను. రాసిచ్చాను కాబట్టి అది అబద్ధం కాదని ఆ క్షణంలో నాకు నేను చెప్పుకున్నాను.

ఫ్యాక్టరీలో చెరుకు దించి ఎడపల్లికి ఖాళీగా తిరిగిపోతున్న బండి ఒకటి ఆపి, ఆయన్ని దాని మీద పడుకోబెట్టారు. బండి అడుగున ఇంకా చెరుకాకు ఉంది. రెండు రోజులకు ఆయన తమ్ముళ్లు చెరుకు కొట్టి అదే దారిన తెచ్చారు, పర్మిట్ ఆగదు కదా. వసారాలో నిలబడి చూశాను. మూడు బండ్లు.

ఆ రోజు సాయంత్రం డాక్టర్ గారు తిరిగొచ్చాడు. కాన్పు బాగానే అయింది, తల్లీ పిల్లా క్షేమం. జరిగింది విని కుర్చీలో కూర్చున్నాడు. గుండె జబ్బు వల్ల మరణం అని రాశాడు. "సిస్టర్, నువ్వేమన్నా చెప్పేదున్నదా?" అని అడిగాడు. లేదని తల ఊపాను. డైరీలో ఆ రోజు ఒక్క వాక్యం ఉంది: నాడి నా వేళ్ల కిందే ఆగింది.

ఐదు రోజులు కాంపౌండరు నాతో హాస్యం ఆడలేదు. ఆరో రోజు మధ్యాహ్నం సిరంజీలు మరుగుతున్న గదిలోకి వచ్చాడు, తలుపు దగ్గరికి వేశాడు. జేబులోంచి చిట్టీ తీశాడు. చెమటకు తడిసి, ఆరి, మడతల దగ్గర చిరిగిపోతోంది.

"ఇందుల ఏం రాసినవు బిడ్డా?"

"మీరు చదివారు కదా."

"నాకు తెలుగు సదువ రాదు." పొయ్యి వైపు చూస్తూ అన్నాడు. "మాట్లాడ్త గని రాత రాదు. మా దినాలల్ల బడిల ఉర్దూనే ఉండె. సీసాల మీది ఇంగ్లీషు పేర్లు బొమ్మల లెక్క గుర్తువట్టిన. డాక్టర్ సాబ్ అన్నీ నోటితోనే చెప్తడు, నడుస్తున్నది. గిన్నేండ్లల్ల ఒక్కనికి తెల్వదు. నువ్వు జ్వరమో నాడో రాసినవనుకున్న. చష్మా లేదని చెప్దామనుకున్న. పిల్ల ముంగట నామోషి."

మా బాపు ఉత్తరాలు గుర్తొచ్చాయి. తెలుగు చదవలేని పెద్దమనిషి ఎలా కాగితం పట్టుకుంటాడో, దూరంగా, దగ్గరగా, మళ్లీ దూరంగా, పుట్టినప్పటి నుంచి మా ఇంట్లో చూశాను. లోకంలో ఇంకెవరూ గుర్తుపట్టకపోయినా నేను గుర్తుపట్టాలి.

జ్వరం, నాడి రాశాను అని చెప్పొచ్చు. నోట్లోకి వచ్చింది కూడా. కానీ వాకిట్లో అప్పుడు కూడా గరం సూది కోసం ముగ్గురు కూర్చుని ఉన్నారు.

చదివాను.

"ఇనవడలే. గట్టిగ సదువు."

మళ్లీ చదివాను.

"ఇంకొక్కపారి."

మూడోసారి చదువుతుంటే ఆయన గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు. అక్కడి నుంచే అన్నాడు. "నోటితోని ఒక్క ముక్క అంటే ఏమైతుండె బిడ్డా?"

చదవరాదని మీరు ఒక్క ముక్క అంటే ఏమయ్యేది? ఇది నేను అనలేదు. అనాల్సిన పని కూడా లేదు, ఆయన ముఖంలో అదే ఉంది. నీళ్లు మరిగి మరిగి ఇగిరిపోయి, సిరంజి ఒకటి టప్పున పగిలింది. అప్పుడు ఇద్దరం కదిలాం.

చిట్టీ నా చేతిలో పెట్టాడు. "నీ తానే ఉండనియ్. నా జేబుల బరువైతుంది."

బయటికి వెళ్లి, ఆ ముగ్గురినీ పొమ్మన్నాడు. గరం సూది ఇక ఇవ్వనని డాక్టర్ గారితో చెప్పాడు. ఎందుకని ఆయన ఎంత అడిగినా చెప్పలేదు, నా చిట్టీ మాట ఎత్తలేదు. చెరుకు ఆడటం ముగిసే వరకు ఉండి, తర్వాత పని మానేశాడు. వెళ్లే రోజు తన రొట్టె డబ్బా కడిగి నా అల్మారాలో పెట్టి పోయాడు. ఆయన పేరు ఇక్కడ రాయను. తప్పు ఆయన ఒక్కడిదే అని ఎవరైనా అనుకుంటారని భయం.

మా కేంద్రంలో మీతో ఒక పని చేయిస్తాను, దానికి మీరు నవ్వుతారని తెలుసు. ఏ మందు ఇచ్చే ముందైనా చీటీ పైకి చదవాలి, రోగికి వినపడేట్టు, గది చివరి వరకు. ఇచ్చేవాళ్లు విని తిరిగి చెప్పాలి. "మేడమ్‌కు చెవుడు" అని మీలో ఒకరు గోడ మీద రాశారు కూడా. వెనక బెంచీలో ముంగిలా కూర్చునే పిల్ల చేత నేను రెండుసార్లు ఎక్కువ చదివిస్తాను. ఆమెకు నా మీద కోపం. ఉండనీ.

ఇంకొకటి మిగిలింది, అది చెప్పి ఆపేస్తాను.

నేనూ ఆ దవాఖాన మానేశాక, బస్సులో నిజామాబాదు వరకు వెళ్లాల్సినదాన్ని, ఎడపల్లిలో దిగిపోయాను. ఆ రైతు ఇల్లు చూపించమని ఒకరిని అడగడానికి బస్‌స్టాండులో అరగంట నిలబడ్డాను. ఆయన భార్య వాకిట్లో కూర్చుని, నాటడానికి చెరుకు గడలను కణుపుల మీది మొలక కళ్లు చెడకుండా ముక్కలు కొడుతోంది. పక్కన ఆమె ఆడబిడ్డ, రెండు కాళ్లూ చాపుకుని, ఆకులు వలుస్తోంది. నన్ను గుర్తుపట్టింది. కూర్చోమంది, నీళ్లు ఇచ్చింది. చెంబు కింద పెట్టి, చిట్టీ చేతిలో పట్టుకుని చెప్పాను. అడిగానని ఆ రోజు తల ఊపాను, నేను అడగలేదు, రాసిచ్చాను, కాంపౌండరుకు తెలుగు చదవరాదు, చదివాడో లేదో నేను కనుక్కోలేదు, ఆ సూది ఆ గోళీకి పడదని నాకు ముందే తెలుసు.

ఆమె కత్తి ఆగింది. మళ్లీ నడిచింది. నాలుగు గడలు కొట్టింది.

"డాక్టరుకు చెప్పొద్దని నేనే అంటి" అంది చివరికి, నాతో కాదు, గడలతో. "రోజు అనుకుంట. నేనే అంటి గదా అని."

లేచి లోపలికి వెళ్లింది. చిన్న సీసా తెచ్చింది. సగం పైన గోళీలు ఉన్నాయి.

"గివి మిగిలినయి. మా ఆడిబిడ్డకు సుత కాళ్లు వాస్తున్నయి, సూడు. పారేసుడెందుకని రేపటిసంది ఆమెకు ఏద్దామనుకున్న. పొద్దుగాల ఒకటి, గంతే గదా?"

"వద్దు!" అన్నాను.

ఆడబిడ్డ చేతిలో ఆకు జారింది. ఎదురింటి అరుగు మీద కూర్చున్న ఇద్దరు లేచి నిలబడ్డారు. నేను లేచి నిలబడి ఉన్నాను. "ఇవ్వొద్దు. ఒక్కటి కూడా ఇవ్వొద్దు. ఇది ఒకరిది ఒకరికి ఇచ్చే మందు కాదు. ఆమెను దవాఖానకు తీసుకుపోండి. అక్కడ ఏమున్నా దాచకుండా చెప్పండి." ఆ వాకిలంతా నా గొంతు. అది నాదని నాకే నమ్మకం కలగలేదు.

ఆమె సీసా నా చేతిలో పెట్టింది. నా ముఖంలోకి చూసింది. తిట్టలేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగింది.

"గీ గొంతు గా దినం యాడికి వోయింది బిడ్డా?"